బియ్యం అమ్ముతాం, పప్పు కొంటాం: మన పంటల వ్యాపారం గేటు ఎవరి చేతిలో ఉంది?

కాకినాడ యాంకరేజి పోర్టులో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. హోప్ ఐలాండ్ చాటున, తీరానికి దూరంగా లంగరేసి నిలబడుతుంది. బియ్యం సంచులు లారీల్లో జెట్టీ దాకా వచ్చి అక్కడ బార్జీల్లోకి ఎక్కుతాయి. బార్జీ వెళ్లి ఓడ పక్కన ఆగితే, ఓడ మీది క్రేన్ సంచులను పైకి లాక్కుంటుంది. ఓడ నిండేసరికి రోజులు గడిచిపోతాయి. మధ్యలో వాన పడిందా, ఓడ మూతలు వేసేసి అందరూ మబ్బు వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. తడిసిన బియ్యం ఎవరూ కొనరు.

ఆ సంచుల్లో పెద్ద భాగం ఉప్పుడు బియ్యం. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు వెళ్తుంది. విప్పి చూస్తే లేత పసుపు రంగులో గట్టిగా ఉండే గింజ. తెలుగు ఇళ్లలో ఆ అన్నం వడ్డిస్తే ముద్ద దిగేవాళ్లు తక్కువ. మరి మనం తినని బియ్యాన్ని ఇంతగా ఎందుకు తయారు చేస్తున్నాం?

సమాధానం మన ఎండల్లో ఉంది. యాసంగి వరి, గోదావరి జిల్లాల్లో దాళ్వా అంటారు, ఏప్రిల్ ఎండల్లో కోతకు వస్తుంది. ఆ వేడికి గింజ లోపల సన్నటి పగుళ్లు పడతాయి. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది, మిల్లరు నష్టపోతాడు. అవే వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే గింజలోని పిండి మెత్తబడి పగుళ్లు పూడుకుపోతాయి. గింజ నిలబడుతుంది. ఇదే ఉప్పుడు బియ్యం, మిల్లుల భాషలో బాయిల్డ్. అందుకే యాసంగి అంటే బాయిల్డ్ అన్నది మిల్లుల్లో మామూలు మాట అయిపోయింది. చాలా ఏళ్లు కేంద్రం తరఫున ధాన్యం కొనే భారత ఆహార సంస్థ, ఎఫ్‌సీఐ, ఈ బియ్యాన్ని కొని, అలవాటున్న కేరళ, తమిళనాడు లాంటి రాష్ట్రాలకు పంపేది. ఎఫ్‌సీఐ గోదాముల్లో అది పేరుకుపోయాక, ఇక బాయిల్డ్ తీసుకునేది లేదని కేంద్రం చెప్పేసింది. 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నది ఆ గొడవ మీదే. టీవీల్లో అది రెండు పార్టీల పంచాయితీగా నడిచింది. లోపలి సంగతి మాత్రం వ్యాపారం: ఎఫ్‌సీఐ కొనకపోతే ఆ గింజకు మిగిలే పెద్ద మార్కెట్ ఆఫ్రికానే.

బెనిన్ సంగతి ఇంకో తమాషా. ఆ దేశం జనాభా కోటిన్నరకు లోపే. అక్కడ దిగే బియ్యం మొత్తం వాళ్లు తినలేరు. పక్కనే ఉన్న నైజీరియాకు ఉప్పుడు బియ్యమంటే ఇష్టం, కానీ వాళ్ల ప్రభుత్వం దిగుమతులను ఏళ్ల తరబడి కట్టడి చేస్తూ వచ్చింది. దాంతో బెనిన్‌లోని కోటోనూ రేవులో దిగిన సంచి సరిహద్దు దాటి చీకటి దారిలో నైజీరియా చేరుతుంది. మన లెక్కల్లో పడేది బెనిన్, గిన్నెలో ఉడికేది నైజీరియాలో.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వ్యవసాయ ఎగుమతులు ఇంత పెరిగాయి, దిగుమతులు అంత తగ్గాయి అని పేపర్లో ఒక్క అంకె వస్తుంది. ఆ అంకెకు అర్థం చాలా తక్కువ. ఒక్కో పంటకు ఒక్కో దేశం, ఒక్కో దారి, ఒక్కో గేటు. గేటు తీసేవాడి చూపు రైతు మీద ఉందా, కిరాణా కొట్టు మీద ఉందా అన్నదే అసలు ప్రశ్న.

అయినా ఆ పెద్ద అంకె కూడా ఒకసారి చూద్దాం. 2013-14లో భారతదేశం సుమారు 43 బిలియన్ డాలర్ల వ్యవసాయ ఉత్పత్తులు అమ్మింది, 16 బిలియన్లకు కాస్త తక్కువ కొన్నది. 2024-25లో అమ్మినది 52 బిలియన్ల దరిదాపుల్లో, కొన్నది 38 బిలియన్ల పైన. ఇప్పటికీ మిగులే. కానీ ఆ మిగులు దశాబ్దంలో సగానికి పడిపోయింది. మనం అమ్మడం మానలేదు, కొనడం మాత్రం రెట్టింపు దాటింది. అమ్మేవాటిలో రొయ్యలు, చేపలు, బియ్యం, సుగంధ ద్రవ్యాలు, గేదె మాంసం ముందుంటాయి. గేదె మాంసం గురించి మన దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడరు గానీ, ఏటా 300 కోట్ల డాలర్లకు పైగా తెస్తోంది. కొనేవాటిలో సగానికి దగ్గరగా వంటనూనెలే, తర్వాత పప్పులు.

రాత్రికి రాత్రి పడిన తాళం

ప్రపంచ బియ్యం వ్యాపారంలో భారత్ వాటా సుమారు 40 శాతం. బాస్మతి వేరే లోకం: పంజాబ్, హర్యానా నుంచి సౌదీ, ఇరాక్, ఇరాన్ బిర్యానీల్లోకి పోతుంది. మిగతాది మామూలు బియ్యం, దానికి కొనేవాళ్లు ఎక్కువగా పేద దేశాలు.

2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. వానలు తగ్గించే ఎల్‌నినో భయం, పెరుగుతున్న ధరలు, ఏడాది తిరక్కుండా లోక్‌సభ ఎన్నికలు. ఒకటి రెండు రోజులకు డాలస్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్. ఇండియన్ స్టోర్ ముందు లైను రోడ్డు దాకా వచ్చిందట, సోనామసూరి ఇంటికి ఒక్క బస్తానే అంటున్నారట. వదినను ఒక లైన్లో, అత్తగారిని ఇంకో లైన్లో నిలబెట్టి మూడు బస్తాలు తెచ్చుకున్నాడు. ఆ వీడియోలు మనమంతా చూసి నవ్వుకున్నవే. నిజానికి వాళ్ల గోదాముల్లో నెలలకు సరిపడా నిల్వ ఉంది. టెన్షన్ పడాల్సింది డాలస్ వాళ్లు కాదు, రోజు కూలితో బియ్యం కొనుక్కునే సెనెగల్‌లోని డకార్ వాళ్లు. అంతర్జాతీయ ధర 15 ఏళ్ల గరిష్ఠానికి వెళ్లింది. థాయిలాండ్, వియత్నాం ఎగుమతిదారులు హాయిగా అమ్ముకున్నారు.

ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం కూడా వచ్చింది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. సుంకం ఉంటే వ్యాపారం నడుస్తుంది, లాభం తగ్గుతుంది. నిషేధం పడితే అప్పటికే ఒప్పందం రాసుకున్నవాడు చేతులెత్తేయాలి. సుంకం కొనేవాడికి ఖర్చు పెంచుతుంది, నిషేధం అతనికి అనుమానం పెంచుతుంది. ఈ రెండోదాన్ని పోగొట్టడం కష్టం. అసలు దేశంలో ధర తగ్గించడానికి కదా ఇదంతా? నిషేధం ఉన్న నెలల్లో కూడా మన కిరాణా కొట్లలో సన్నబియ్యం రేటు పెరుగుతూనే వచ్చింది.

2024 సెప్టెంబరు చివర్లో తాళం తీశారు. అక్టోబరుకల్లా సుంకాలూ, ఎగుమతికి పెట్టిన కనీస ధర నిబంధనా పోయాయి. ఈలోగా ఎఫ్‌సీఐ గోదాములు ఎంతగా నిండాయంటే, అదే బియ్యాన్ని కిలో 22 రూపాయల 50 పైసలకు ఇథనాల్ తయారీకి ఇవ్వాల్సి వచ్చింది. నిన్న దేశం దాటనివ్వని గింజ ఇవాళ పెట్రోలులో కలుస్తోంది.

2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు మొదటి ఓడ పంపింది: 12,500 టన్నులు, ఎంటీయూ 1010 రకం. అయిదు నెలలు తిరిగాయో లేదో, సెప్టెంబరు 1 నుంచి ఫిలిప్పీన్స్ బియ్యం దిగుమతులను ఆపేసింది. వాళ్ల రైతుల కోతల సమయమది, దిగుమతి బియ్యంతో వడ్ల ధర పడిపోతోందని. మనం గేటు వేసేది కొనుక్కుతినేవాడి కోసం, వాళ్లు వేసింది పండించేవాడి కోసం.

పామాయిల్ గెల, ఢిల్లీ నోటిఫికేషన్

వంటనూనె కథ వెనక్కి వెళ్లి చెప్పుకోవాలి. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ మొదలైంది. తొంభైల మొదటికి దేశం తన నూనె దాదాపు తానే పండించుకుంది. వేరుశనగ, ఆవాలు, పొద్దుతిరుగుడు, సోయా. అప్పట్లో అనంతపురం జిల్లా అంటే వేరుశనగ, వేరుశనగ అంటే అనంతపురం. ఆ తర్వాత 1994లో పామాయిల్ నుంచి తీసే పామోలిన్‌ను లైసెన్సు లేకుండా తెచ్చుకోవచ్చన్నారు. మొదట 65 శాతం ఉన్న సుంకం మెట్టు మెట్టుగా దిగి 1998కి 15 శాతమైంది. వానకు భయపడి, పురుగుకు భయపడి, రెండు బోర్లు ఎండగొట్టుకుని వేరుశనగ పండించేవాడు ఇండోనేషియా తోటలతో పోటీ పడలేకపోయాడు. ఇవాళ ఏటా 160 లక్షల టన్నుల చొప్పున నూనె తెచ్చుకుంటున్నాం. మనం వాడేదాంట్లో ఇది సగం కంటే ఎక్కువ. పామాయిల్ ఇండోనేషియా, మలేషియా నుంచి, సోయా అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్ నుంచి.

తెలుగు ఇళ్లు వేరుశనగ నూనె నుంచి సన్‌ఫ్లవర్ ప్యాకెట్‌కు మారడం ఆరోగ్యం పేరుతో జరిగింది. ఆ ప్యాకెట్ ఎక్కడి నుంచి వస్తోందో చాలామందికి తెలిసింది మాత్రం 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాకే. అదే ఏడాది ఏప్రిల్ 28న ఇండోనేషియా తన పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. ఈ దెబ్బకు మనవాళ్లంతా ఇండోనేషియాను తిట్టారు. సరిగ్గా ఆ నిషేధం నడుస్తుండగానే, మే 13న మనం గోధుమ ఎగుమతిని నిషేధించాం.

ఇక్కడ తెలుగు రైతుకు నేరుగా తగిలే సంగతి ఒకటి ఉంది. దేశంలో తయారయ్యే పామాయిల్‌లో అత్యధిక భాగం ఆంధ్ర, తెలంగాణల్లోనిదే. ఏలూరు, పశ్చిమ గోదావరి నుంచి అశ్వారావుపేట, సత్తుపల్లి దాకా తోటలు. మొక్క నాటిన నాలుగో ఏడు దాకా చేతికి గెల రాదు. కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె చెడుతుంది. కాబట్టి మంచి ధర వచ్చేదాకా దాచుకుందాం అనే వీలు ఈ పంటలో లేనే లేదు. గెల ధరను నెలనెలా ముడి పామాయిల్ ధర, గెలలో వచ్చే నూనె శాతం చూసి కడతారు. ముడి నూనె ధర కౌలాలంపూర్ మార్కెట్‌ను బట్టి, దాని మీద మన దిగుమతి సుంకాన్ని బట్టి ఉంటుంది.

అందుకే 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి నూనెల మీద సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచితే, అశ్వారావుపేటలో పండగైంది. ఆ తర్వాతి నెలల్లో గెలల ధర టన్ను 20 వేలు దాటింది. 2025 మే 30న అదే సుంకాన్ని 16.5 శాతానికి దించారు. రిఫైన్డ్ నూనె మీద 35.75 శాతం అలాగే ఉంచారు. అర్థమేంటంటే, ముడి నూనె తెచ్చి కాకినాడలోనో కృష్ణపట్నంలోనో శుద్ధి చేసే ఫ్యాక్టరీకి లాభం, ప్యాకెట్ కొనేవాడికి కొంత ఊరట. తోట రైతుకు కోత. 2021లో 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ మిషన్ ప్రకటించి, మొక్కలకు సబ్సిడీ ఇచ్చి, పాతికేళ్లకు పైగా నిలిచే తోట వేయమని చెప్పిన కేంద్రమే ఎనిమిది నెలలకోసారి సుంకం మార్చేస్తే ఆ రైతు ఏ లెక్క చూసుకుని వేయాలి? నా దృష్టిలో సుంకం ఎక్కువా తక్కువా అనేది రెండో ప్రశ్న. ఎన్నేళ్లు అదే ఉంటుందన్నది మొదటిది.

మధ్యలో ఇంకో సరదా. సుంకం పెరిగిన నెలల్లో నేపాల్ నుంచి మనకు సోయా నూనె వెల్లువలా వచ్చింది. నేపాల్‌లో అంత సోయా ఎక్కడిది? లేదు. ముడి నూనె బయటి నుంచి తెచ్చి, శుద్ధి చేసి, దక్షిణాసియా ఒప్పందం కింద సుంకం లేకుండా ఇటు పంపారు. ముందు గేటు వేస్తే పెరటి తలుపు తెరుచుకుంది.

కౌంట్ పడిపోని రొయ్య, రేటు పడిపోయిన రైతు

రొయ్యల చెరువు దగ్గర పట్టుబడి ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో. వల లాగి, క్రేట్లలోకి పోసి, ఐసు వేసే ముందు ఒక శాంపిల్ తీస్తారు. కిలో తూచి, వేళ్లతో లెక్కపెడతారు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. అంకె చిన్నదయితే రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఆ లెక్క పెట్టే రెండు నిమిషాలూ రైతు ఊపిరి బిగబట్టి నిలబడతాడు. వంద రోజులు మేత పోసి, రాత్రంతా ఏరేటర్లు తిప్పి, కరెంటు పోతే జనరేటర్ వేసి కాపాడినదంతా ఆ గుప్పెడు రొయ్యల్లో తేలుతుంది.

2025 ఏప్రిల్ మొదటి వారంలో కౌంట్ మారలేదు, రేటు మారింది. ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రతీకార సుంకాలు ప్రకటించారు. అవి అప్పటికి అమల్లోకి రాలేదు, వారం తిరిగేసరికి 10 శాతం మినహా మిగతాది మూడు నెలలు వాయిదా కూడా పడింది. అయినా భీమవరం చుట్టుపక్కల కొనుగోలుదారులు ప్రకటన వచ్చిన వెంటనే కిలోకి పదుల రూపాయలు కోసేశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు కేంద్రానికి ఉత్తరం రాశారు. సుంకం కట్టాల్సింది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడు, అది పాఠ్యపుస్తకం మాట. నిజంలో అతను ఎగుమతిదారుణ్ని తగ్గించమంటాడు, ఎగుమతిదారు ప్లాంటు ఏజెంటును తగ్గించమంటాడు, ఏజెంటు చెరువు గట్టు మీద తగ్గిస్తాడు. ఆ గొలుసులో ఇంకెవర్నీ తగ్గించమని అడగలేనివాడు రైతే. నీళ్లలో ఉన్న రొయ్య రోజూ మేత తింటుంది, ఎదురుచూసే ప్రతి రోజుకూ ఖర్చే.

ఆగస్టు 27 నుంచి భారత సరుకు మీద సుంకం 50 శాతమైంది. రొయ్యల మీద అంతకుముందే, మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీ వ్యతిరేక సుంకం ఉన్నాయి, అవి దానికి అదనం. మన పోటీదారు ఈక్వడార్‌కు అప్పుడు 15 శాతం. పైగా అది అమెరికాకు దగ్గర, వాళ్ల కరెన్సీ కూడా డాలరే.

ఈ దెబ్బ ఇంత గట్టిగా ఎందుకు తగిలిందో అంకెలు చెబుతాయి. 2024-25లో దేశం అమ్మిన సముద్ర ఉత్పత్తులు 62,408 కోట్ల రూపాయలవి. అందులో మూడింట రెండు వంతుల విలువ ఫ్రోజెన్ రొయ్యలదే, పెంపకం రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. కొనేవాళ్లలో అమెరికాది మొదటి స్థానం, 270 కోట్ల డాలర్లు. చైనా రెండోది, చాలా దూరంలో. ఒక్క కొట్టుకే అప్పు పెట్టి సరుకు పోసిన పాలవాడి పరిస్థితి ఇది. ఆ కొట్టువాడు మంచివాడైనంత కాలం బాగానే ఉంటుంది.

ఇందులోనే ఇంకో మెలిక. మన చెరువుల్లో పెరిగే వెనామీ రకం, 2009లో అనుమతి వచ్చినది, మన రొయ్య కాదు, పసిఫిక్ తీరాలది. హేచరీల్లో పిల్ల పెట్టే తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి. చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి, జబ్బుల్లేవని తేలాకే హేచరీకి ఇస్తారు. అంటే అమెరికా నుంచి వచ్చిన తల్లి, కోస్తా చెరువులో పెరిగిన పిల్ల, ఐసు గడ్డకట్టుకుని మళ్లీ అమెరికాకే. మనం ఎగుమతి అని రాసుకునేదాని మొదటి పేజీలో ఒక దిగుమతి ఉంటుంది.

గుంటూరు మిర్చిలోనూ ఇలాంటిదే. తేజ రకానికి ఘాటు ఎక్కువ. చైనా వ్యాపారులు కొనేది కూరలోకే కాదు, ఓలియోరెసిన్ అనే సారం తీయడానికి కూడా. 2021లో నల్ల తామర పురుగు పడి తోటలకు తోటలు పోయాయి. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగది, ఏ సుంకమూ కట్టకుండా దిగుమతైంది. పంట పోవడంతో మిగిలినవాళ్లకు క్వింటా 20 వేల పైన పలికింది. ఆ రేటు చూసి అందరూ మిర్చే వేశారు. 2025 ఫిబ్రవరికి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా పేరుకుని, ధర సగానికి పడిపోయి, చివరికి కేంద్రం 11,781 రూపాయలు కనీస ధరగా మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడాది చైనా కొనుగోళ్లు మందగించాయని యార్డులో అందరూ అన్నారు. అది కారణంలో సగమే. మిగతా సగం, నిరుడు ధర చూసి ఈ ఏడు వేసే మన పాత అలవాటు.

చెప్పుల లైను

ఎగుమతుల లెక్క రాసేటప్పుడు మరిచిపోయే దిగుమతి ఒకటుంది: ఎరువులు. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో తెలంగాణ జిల్లాల్లో సొసైటీల ముందు రైతులు యూరియా కోసం తెల్లవారకముందే చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టి పక్కన కూర్చున్నారు. రామగుండం ప్లాంటు ఆగిపోవడం ఒక కారణం, చైనా ఎగుమతులను బిగించడం ఇంకోటి. యూరియా మనమే చాలావరకు తయారు చేసుకుంటాం, దానికి కావాల్సిన గ్యాస్ ఎక్కువభాగం ఖతార్ లాంటి చోట్ల నుంచి ఓడల్లో వస్తుంది. డీఏపీ సౌదీ, మొరాకో, చైనా, రష్యాల నుంచి. పొటాష్ ఒక్క గింజ కూడా మన నేలలో తవ్వి వాడేది లేదు. కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్ పంపాల్సిందే.

ఇవన్నీ కలిపి చూస్తే, కాకినాడలో ఓడ ఎక్కే బియ్యం సంచిలో కెనడా పొటాష్ ఉంది, ఖతార్ గ్యాస్ ఉంది, ఉచిత కరెంటుతో తోడిన మన బోరు నీళ్లున్నాయి. కిలో బియ్యానికి మూడు వేల లీటర్లకు పైగా నీరు పడుతుంది. మొదటి రెండింటికీ డాలర్లలో బిల్లు కడతాం. మూడోదానికి బిల్లే రాదు కాబట్టి బియ్యం మనకు చవగ్గా పండుతున్నట్టు కనిపిస్తుంది. వరికి నీళ్లు, కరెంటు, పక్కా కొనుగోలు అన్నీ అమర్చి, కందికి వాన మాత్రమే వదిలేశాక, కంది ఎందుకు తక్కువ పండిస్తున్నారని రైతును అడగడంలో అర్థం లేదు.

పత్తి గురించి రెండు ముక్కలు. 2021లో పెట్టిన 11 శాతం దిగుమతి సుంకాన్ని 2025 ఆగస్టు 19న ఎత్తేశారు, ఆ మినహాయింపును అదే ఏడాది చివరిదాకా పొడిగించారు. తిరుప్పూరు మిల్లులకు చవక పత్తి కావాలి, వాళ్ల బట్టల మీద అమెరికా సుంకం పడింది, పైగా పత్తి అమ్మేవాళ్లలో అమెరికా కూడా ఉంది. ఆదిలాబాద్, వరంగల్‌లో కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలు కూడా సరిగ్గా అవే.

కందిపప్పు రెండు వందలైన రోజు తర్వాత

పప్పుల్లో ప్రపంచంలో ఎక్కువ పండించేది మనమే, ఎక్కువ తినేదీ మనమే, ఎక్కువ కొనేదీ మనమే. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలైంది గుర్తుందా? పెళ్లి భోజనాల్లో ముద్దపప్పు గరిటె చిన్నదైపోయిన ఏడాది. మరుసటి ఏడాది ప్రభుత్వం మొజాంబిక్‌తో కంది కొనుగోలు ఒప్పందం రాసుకుంది, ఇక్కడి రైతులకు కంది వేయమని చెప్పింది. వాళ్లు వేశారు. వాన కూడా బాగా పడింది. పంటా, దిగుమతీ ఒకేసారి మార్కెట్లో దిగేసరికి ధర మద్దతు ధర కంటే కిందికి పోయింది. దాంతో 2017 ఆగస్టులో కంది, మినుము దిగుమతులకు పరిమితి పెట్టారు.

ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. మయన్మార్ రైతులు మినుము పండించేది ముఖ్యంగా మన కోసమే. వాళ్ల వంటల్లో దానికి పెద్ద చోటు లేదు. మన ఇడ్లీ, దోసె, గారెలను నమ్ముకుని అక్కడ లక్షల ఎకరాల్లో వేస్తారు. ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం పడగానే యాంగోన్‌లో మినుము ధర కుప్పకూలింది. అమెరికా సుంకానికి భీమవరం రైతు ఎలా విలవిల్లాడాడో, మన పరిమితికి బర్మా రైతు అలాగే విలవిల్లాడాడు. ఈ కథలో మనం ఎప్పుడూ దెబ్బతినేవాళ్లమే కాదు.

తర్వాత గాలి మళ్లీ తిరిగింది. ధరలు పెరిగాయి, కంది, మినుములకు సుంకం లేకుండా గేటు తెరిచారు. 2023 డిసెంబరులో పసుపు బఠానీ మీద కూడా సుంకం తీసేసి, గడువును మళ్లీ మళ్లీ పొడిగించారు. పసుపు బఠానీ కెనడా, రష్యాల నుంచి చాలా చవగ్గా వస్తుంది. శనగ ధర ఎక్కినప్పుడల్లా పిండి మిల్లులు, హోటళ్లు దాని వైపు తిరుగుతాయి. మనం తినే మిర్చిబజ్జీ మీది పొరలో అది ఎంతుందో బండివాడు కూడా చెప్పలేడు. 2024-25లో మొత్తం పప్పుల దిగుమతి 73 లక్షల టన్నులకు చేరింది, మునుపెన్నడూ లేనంత. ఆ సీజన్‌లో కందికి మద్దతు ధర క్వింటా 7,550 రూపాయలు. చాలా యార్డుల్లో పలికింది దానికి తక్కువ.

తాండూరు కందికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. తాండూరు చుట్టూ ఉన్న సున్నపురాయి నేలల వల్ల ఆ పప్పు త్వరగా ఉడుకుతుందని, రుచి వేరని పేరు. ఆ గుర్తింపు సంచి మీద బాగుంటుంది గానీ, దాల్ మిల్లు కొనేటప్పుడు చూసేది ముంబై రేవులో ఆఫ్రికా కంది ఎంతకు దిగుతోందని.

చివరికి 2025 అక్టోబరు ఆఖరులో రైతుల మొర వినబడినట్టుంది. నవంబరు 1 నుంచి పసుపు బఠానీ మీద 30 శాతం సుంకం అన్నారు. నోటిఫికేషన్‌లో చూడాల్సింది తేదీ. బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడలో సరుకు ఎక్కినట్టు ఇచ్చే పత్రం, అక్టోబరు 31 లోపుదైతే ఆ సరుకుకు పాత లెక్కే, సుంకం లేదు. కెనడా పశ్చిమ తీరంలో ఆ రోజు నిండిన ఓడ మన రేవుకు చేరడానికి నెలకు పైనే పడుతుంది. అది ఇక్కడ సరుకు దింపుకుని, బఠానీ మిల్లులకు చేరే వారాల్లోనే తాండూరు యార్డుకు కొత్త కంది బస్తాలు రావడం మొదలవుతుంది.